నీలం బండి వెనక కంది సాలు

నాయనా రామాంజీ,

పెద్దక్కను. నువ్వు పోయి ఏడాదిన్నర అయింది. నువ్వు లేకుండా రెండు ఏరువాకలు వచ్చి పోయాయి. రేపు పెద్దల అమావాస్య. నీకు విస్తరి వేస్తాం. అంతకుముందే కొన్ని సంగతులు నీ చెవిన వేయాలి. విస్తరి ముందు కూర్చున్నాక చెబితే నీకు ముద్ద దిగదు...

మొదట ఇది విను. నీ నీలం ట్రాక్టరు మళ్లీ నడుస్తోంది. పొద్దున్నే కొట్టంలో నుంచి దాని చప్పుడు వినిపిస్తోంది. అప్పుడే సంతోషపడవద్దు. మొత్తం విన్నాక చెప్పు.

నువ్వు పోయిన రోజు సంగతి నీకు ఎవరైనా చెప్పారా? ఎండాకాలం. పక్క ఊళ్లో చీనీ చెట్లు ఎండిపోతుంటే ట్యాంకరుతో నీళ్లు తోలుతున్నావు. దారిలో గుండె పట్టేసింది. బండిని రోడ్డు పక్కకు తీశావు. ఇంజను ఆపావు. బ్రేకు బిగించి స్టీరింగు మీద తల వాల్చావు. చూసినవాళ్లు నిద్రపోతున్నావనుకున్నారట.

ట్యాంకరు నిండుగా ఉంది. ఆ నీళ్లు ఏం చేయాలని ఎవరో అడిగారు. ఆ తోటకే పంపమన్నాను. చెట్లేం చేశాయి పాపం... కానీ ఆ చెట్లు కూడా ఆ వేసవి దాటలేదు.

ఆ తర్వాత మహేశు బండి ఎక్కలేదు. నీ కొడుకు నీలాగే, మనసులోది బయటికి చెప్పడు. కొట్టంలో నిలబెట్టి గోనెపట్ట కప్పాడు. నేను ప్రతి శనివారం పట్ట తీసి, బానెట్టు తుడిచి కుంకుమ పెట్టేదాన్ని. ఒకసారి నీ సీటు మీద కోడి గుడ్లు పెట్టింది. తరమలేదు. నువ్వుంటే నవ్వేవాడివి.

మన ఊరికి మొదటి ట్రాక్టరు వచ్చింది నీకు గుర్తుందా? నీకు లాగు నిలవని వయసు. పెద్దింటివాళ్ల ఎర్ర బండి. పొగగొట్టం నిటారుగా ఉండి, దాని మీద రేకు మూత టపటపా కొట్టుకునేది. నిన్ను చంకనేసుకుని చూపించాను. నాయన మన ఎద్దులను పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. అంతా చూసి, బాగనే ఉండాది గానీ ఇది పేడ వేస్తాదా అని అడిగాడు. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. చాలా రోజులు నోటితో ఆ మూత చప్పుడు చేస్తూ తిరిగావు.

తర్వాత ఎన్ని వచ్చాయి! ఎర్రవి, నీలంవి, పచ్చవి. ఇలవేల్పును ఎంచుకున్నట్టు ఇంటికొక రంగు ఎంచుకున్నారు. నువ్వు కళ్యాణదుర్గం దగ్గర ఎవరో వాడి వదిలేసిన నీలం బండి తెచ్చుకున్నావు. టీ కొట్టు దగ్గర ఎర్ర బండ్లవాళ్లు ఎగతాళి చేస్తే నువ్వు అన్న మాట ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. “మీ బండి డీజిలు తాగుతాదప్పా. మాది వాసన చూసి పోతాది.”

నేను బొట్టు పోగొట్టుకుని ఈ ఇంటికి తిరిగి వచ్చిందీ ఆ ఏడే.

ఆ ఏరువాక నేను మరిచిపోలేను. మొదటి గుప్పెడు ముత్తైదువ చేతి మీదుగా పడాలన్నది మన ఊరి పద్ధతి. నేను సద్దిగంప దించి గట్టు అవతలికి జరిగాను. ఎవరూ పొమ్మనలేదు. నేనే జరిగాను. బండికి కట్టిన విత్తే గొర్రు వెనక పలక మీద, గొట్టాల్లో గింజలు వదలడానికి ఆడవాళ్లు ఎక్కి కూర్చున్నారు. నువ్వు ఇంజను ఆడుతుండగానే దిగి, ఇంతమంది చూస్తుండగా నా దగ్గరికి వచ్చావు.

“అక్కా, ఎక్కి కూచ్చో. గింజకు నీ నొసలు కనపడదు. నీ చెయ్యే కనపడతాది.”

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన ఏదో అనబోయాడు. నువ్వు తిరిగి బండెక్కి ఇంజను పెంచావు. ఆయన మాట ఆ చప్పుడులో కలిసిపోయింది. కావాలనే పెంచావు కదా? ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు...

ఆ రోజు నుంచి కంది సాలు నాది. శనక్కాయ సాళ్ల మధ్య అక్కడక్కడ ఒక్కో కంది సాలు. నేను ఒక్కో గింజకు ఒక్కసారి నరసింహస్వామి నామం తలుచుకునేదాన్ని. నామం ముగిసేసరికి గింజ గొట్టంలో పడేది. నా పెదవులు చూసి నువ్వు బండిని చిన్న గేరులో తోలేవాడివి. మిగతా ఆడవాళ్లు సణిగేవాళ్లు. ఇట్ల పోతే సంక్రాంతికి విత్తుతాము, మీ యక్కను గుళ్లో కూచోబెట్టిరాప్పా అని నవ్వేవాళ్లు. నువ్వు మాత్రం గేరు మార్చేవాడివి కాదు.

మొలకలు వచ్చాక చేనంతా నడిచేవాడివి. కంది దగ్గర నిలబడి, వినబడేలా అనేవాడివి. “ఇది అక్క సాలు. కొలిచి పెట్టినట్ల ఉండాది.”

వానలు ముఖం చాటేసిన ఏళ్లలో శనక్కాయ మాడిపోయేది. కంది ఎలాగో తట్టుకుని, వెనక వచ్చిన చినుకులకు తేరుకునేది. “శనక్కాయ మండీకి పోతాది అక్కా. కంది మన కుండకొస్తాది,” అనేవాడివి. మనం తిన్న పప్పంతా ఆ సాళ్లదే కదా.

విత్తనపు కుండ సంగతి నీకు వేరే చెప్పాలా? ఏటా మంచి గింజలు ఏరి, ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, కుండలో పోసి మూతి మీద పేడ మెత్తేదాన్ని. సగం విత్తడానికి. మొలకలు మాడిపోతే మళ్లీ విత్తడానికి సగం. గంజి తాగి పడుకున్న ఏడు కూడా ఆ కుండ మీద చెయ్యి వేయనివ్వలేదు నువ్వు. “దాన్ని ముట్టాకు అక్కా. అది వండుకున్న దినం మనం సేద్యగాళ్లం కాదు.”

ఆ మాట ఇప్పుడు ఎందుకు తలుచుకున్నానో చివర్లో చెబుతాను.

పోయిన ఏడు, నువ్వు లేని మొదటి ఏరువాక. మహేశు నీ బండి తీయలేక పక్క చేను వాళ్ల పచ్చ ట్రాక్టరును బాడుగకు పిలిచాడు. పెద్ద బండి. నెత్తిన నీడ, పాటలు, అన్నీ ఉన్నాయి. వెనక విత్తనాల పెట్టె. పెట్టెలో పోస్తే అదే విత్తుకుంటూ పోతుంది. పలక లేదు, ఆడవాళ్లు లేరు, ముచ్చట్లు లేవు. కందికి వేరే పెట్టె లేదన్నాడు ఆ డ్రైవరు. నేను కుండ చంకన పెట్టుకుని తిరిగి వచ్చాను. పొద్దు వాలకముందే చేనంతా అయిపోయింది.

మొలకలు వచ్చాక పోయి చూశాను. పెట్టె కింది ఒక గొట్టంలో మట్టి ఇరుక్కుందట. చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా, బండి తిరిగిన ప్రతిసారీ ఒక సాలు ఖాళీ. వెనక ఎవరైనా కూర్చుని ఉంటే తెలిసేది. ఎవరూ లేరు కదా.

ఆ ఖాళీ సాలు పక్కన నిలబడి చాలాసేపు ఏడ్చాను. నువ్వు నడిచిపోయిన దారిలాగా ఉంది... తర్వాత వాన రాలేదు. మొలిచిన సాళ్లూ మొలవని సాలూ ఒకటే అయిపోయాయి. స్వామికి అలా సరిచేయాలనిపించిందేమో.

ఈ వేసవిలో సోలారు వాళ్లు వచ్చారు. మన ఊరి పడమటి చేలన్నీ వాళ్లకు ఇచ్చేశారు. ఇప్పుడు ఆ పక్కకు చూస్తే నీళ్లు నిలిచినట్టు మెరుస్తుంది. దాహంతో గొర్రెలు అటే పరుగెడుతున్నాయని గొర్రెల కాపరులు చెబుతున్నారు. నీ చేను కూడా అడిగారు. నాకు మిగిలిన బతుకు కంటే ఎక్కువ ఏళ్లకు, కౌలుకు.

మహేశు సరేనన్నాడు. వాడిని తిట్టుకోకు. నా దగ్గర కూర్చుని, తల ఎత్తకుండా చెప్పాడు. అత్తా, బోరులో దుమ్ము వస్తాండాది. వాన మనల్ని ఎన్నోసార్లు మోసం చేసింది, ఎండ ఒక్క దినం కూడా చెయ్యలేదు, దాన్నే అమ్ముకుంటాము అన్నాడు. నువ్వుంటే ఏమనేవాడివి?

ఒక్కటే అడిగాను. వాళ్లు వచ్చేలోపు ఒక్క కారు పంట విత్తుదాం, నీ నీలం బండితో, కంది ఒక్కటైనా. కంది నిలిస్తే కాయ కోసేదాకా ఆగమని వాళ్లను బతిమాలుకుందామన్నాను. మహేశు అడిగి వచ్చాడు. పంట కనపడితే ఆగుతాం, ఎండిన చేనుకు ఆగేది లేదన్నారట.

కదిరి నుంచి మస్తాన్ మేస్త్రీ వచ్చాడు. బండి విప్పి, తుడిచి, కొత్త బ్యాటరీ వేశాడు. ఏమప్పా, ఆయప్ప పోతే నువ్వూ అలిగినావా అని బానెట్టు తట్టాడు. బండి నల్లగా దగ్గి, దగ్గి, అందుకుంది.

ఆ చప్పుడుకు నీ ఈశ్వరమ్మ వంటింట్లో నుంచి చెంబుతో నీళ్లు తీసుకుని గడప దాకా వచ్చింది. నువ్వు బండి ఆపగానే ఇచ్చేది కదా, అట్లా. వచ్చి, అక్కడే నిలబడిపోయింది. మహేశు బండి దిగి, వాళ్లమ్మ చేతిలో చెంబు తీసుకుని తాగాడు.

నువ్వు పోయాక ఆమె చేను గట్టు తొక్కలేదు. విత్తే రోజు నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. కుండ మూతి పగలగొట్టి, సగం కంది ఒడిలో పోసుకుని, మొదటి గుప్పెడు ఆమె చేతిలో పెట్టాను. నా చేత్తోనా వదినా, వద్దు వదినా అంది. నా దగ్గర కొత్త మాట ఏదీ లేదు. నీ మాటే చెప్పాను.

ఎక్కి కూర్చుంది.

అడ్డం చెబుతారేమోనని గట్టు మీదికి చూశాను. ఎవరూ లేరు రామాంజీ. ఆ పెద్దమనుషులు లేరు. వాళ్ల పిల్లలూ లేరు. చుట్టూ విత్తేవాళ్లే లేరు. వద్దనడానికి కూడా మనిషి మిగలలేదు.

మహేశు చిన్న గేరు వేశాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. మెడ తిప్పి నా పెదవుల వైపు చూస్తూ తోలాడు, అచ్చం నీలాగే. ఆ ఒక్క పూట... ఇక రాయలేను ఆ పూట సంగతి.

కంది మొలిచింది. రెండు సాళ్లు ఈశ్వరమ్మవి, తక్కినవి నావి. ఆమె సాళ్లు వంకరగా ఉన్నాయి, కానీ నిండుగా ఉన్నాయి. వాటి పక్కన నడిచి, ఇది ఈశ్వరమ్మ సాలు అని నేనే అన్నాను. ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది.

తర్వాత వాన లేదు. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. మబ్బు కదిరి వైపు కమ్మేది, ఈ పక్కకు వచ్చేసరికి గాలి అయిపోయేది. రోజూ దీపం పెట్టి అడిగాను. కోపంగా కాదు, ఎప్పటిలాగే అడిగాను. ఎప్పుడూ తట్టుకునే కంది ఈసారి తట్టుకోలేదు. ఆకులు ముడుచుకుని, కాడతో సహా పెళుసుగా అయిపోయింది. ముట్టుకుంటే విరుగుతోంది.

సోలారు వాళ్లు వచ్చి చూశారు. ఇంక ఆగమని మేమూ అడగలేదు. సాళ్ల మధ్య సున్నం గీతలు గీసి, మేకులు కొట్టి పోయారు.

ఇప్పుడు నీ బండి ఎందుకు నడుస్తోందో చెబుతాను. ఇనుప స్తంభాలు మోయడానికి వాళ్లకు ట్రాక్టర్లు కావాలి. మహేశు బండికి ట్రాలీ తగిలించి పనికి పోతున్నాడు. ఇన్నాళ్లూ పడమటి చేలలో దించాడు. నిన్న మొదటిసారి మన చేనులో దించాడు. నేను గట్టు మీదే ఉన్నాను. సోలారు వాళ్లు పెట్టిన గేటు దగ్గర ఆపి, గేరు మార్చాడు. చిన్న గేరు. ఎండిన కంది మీదుగా, చిన్న గేరులోనే పోయాడు.

వాడిని ఏమీ అనకు. రాత్రి అన్నం తినలేదు.

కుండలో సగం మిగిలింది. మళ్లీ విత్తడానికి దాచిన సగం. విత్తడానికి చేను లేదు. పురుగు పట్టేదాకా ఉంచాలా, ఎవరికైనా ఇవ్వాలా అని ఆలోచించాను. ఎవరికి ఇవ్వాలి? మన చుట్టూ విత్తేవాళ్లు ఎవరున్నారు?

రేపు దాన్ని కడిగి, ఎర్రమట్టి పోయేదాకా కడిగి, పప్పు వండుతాను. నీ విస్తరిలో మొదట అదే వడ్డిస్తాను. నువ్వు ముట్టవద్దన్న కుండ అని నాకు తెలుసు. ఆ మాట నేను మరిచిపోలేదు. మాట నిలబెట్టడానికి కింద నేల లేదు, అంతే.

కోపం వస్తే కాకిని పంపవద్దు. అర్థం చేసుకుంటాను.

ఈశ్వరమ్మను ఒంటరిగా తిననివ్వను. మహేశు బండి ఇంటికి వచ్చేదాకా దీపం ఆర్పను. ఈ రెండే నేను నీకు మాట ఇవ్వగలిగినవి.

పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు కుండ ఒకసారి నీ సీటు మీద పెట్టి తీస్తాను. వండాక కడిగి, కొట్టంలో బోర్లిస్తాను.

స్వామి నిన్ను చల్లగా చూడనీ.

నీ పెద్దక్క