తీగ లేని తాళం

చిరంజీవి బెల్లంకాకికి,

నాన్న దీవించి రాస్తున్నది. నేను బాగున్నాను, దుకాణం బాగుంది, మోకాలు మాత్రం దాని ఇష్టం వచ్చినట్టు ఉంటోంది. (ఈ పేరుతో నిన్ను పిలిచేది ప్రపంచంలో నేనొక్కణ్ణే కాబట్టి కవరు మీద నీ అసలు పేరే రాశాను. పోస్ట్‌మ్యాన్ కంగారుపడతాడు.)

అల్లుడుగారు పంపిన కంప్యూటరూ ప్రింటరూ చేరాయి. తాళంచెవులు అరగదీసే మిషన్ పక్కకి జరిపి బల్ల ఖాళీ చేశాను. తెచ్చినతను కంప్యూటర్ ఈ చివర, ప్రింటర్ ఆ చివర పెట్టి వెళ్ళిపోబోయాడు. "అబ్బాయ్, రెండింటి మధ్యా తీగ మర్చిపోయావు" అన్నాను. "తీగ ఉండదండీ, గాల్లోంచి వెళ్తుంది" అన్నాడు. "ఏం వెళ్తుంది?" అంటే "మీరు రాసిందే" అన్నాడు!

అతను వెళ్ళాక ఆ రెండింటి మధ్య చెయ్యి ఆడించి చూశాను. ఏమీ తగల్లేదు. అమ్మలూ, నా జన్మంతా ఇనుముతో గడిచింది. చెవి తాళంలోకి దూరాలి, పళ్ళు తగలాలి, అప్పుడే తిరుగుతుంది. తగలకుండా జరిగే పని నేను ఎన్నడూ చూడలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి కూర్చుని, "నమస్కారం. అందిందా?" అని కొట్టి ప్రింట్ నొక్కాను. ప్రింటర్ ఎర్రగా కన్నుకొట్టి ఊరుకుంది. ఏం చెయ్యాలో రాయి. ఫోన్ వద్దు, ఫోన్‌లో నువ్వు చెప్పేది సగం నా చెవికి చేరదు.

నీకు నెలలు నిండుతున్నాయి. మీ అమ్మ ఉంటే ఈపాటికి నీ పక్కన ఉండేది. నేనున్నాను, వస్తాను. కానీ మీ మామగారు వచ్చేట్టయితే నేను రాను. ముందే చెప్తున్నాను. ఫొటోగ్రాఫర్ అయ్యుండి, సొంత వియ్యంకుణ్ణి పెళ్ళి ఆల్బమ్ మొత్తంలో మెడ దాకానే తీసిన మనిషి! గోడ పక్కనే ఆయన స్టూడియో. ఆయన షట్టర్ పైకి లేస్తే నేను మొహం అటు తిప్పుకుంటాను.

ఇట్లు,
తల లేని నాన్న

తా.క.: పక్క స్టూడియోకి కూడా అచ్చం ఇలాంటి పెట్టెలే దిగాయి. తగువు రాకూడదని అల్లుడుగారు రంగు కూడా మార్చలేదు.

* * *

ప్రియమైన నాన్నకి,

నేనూ లోపలివాళ్ళూ క్షేమం. లోపలివాళ్ళు కాస్త ఎక్కువ క్షేమంగా ఉండి నన్ను తంతున్నారు.

ముందు రెండూ ఆపెయ్యి. కాసేపు ఆగి మళ్ళీ వెయ్యి. లైట్లు వెలిగే తెల్ల డబ్బా ఉంది కదా, గాల్లోంచి వెళ్ళేది దానిలోంచే వెళ్తుంది. కంప్యూటర్‌లో వైర్‌లెస్ అని ఉన్నచోట నొక్కితే పేర్లు కనిపిస్తాయి. మనది ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టు. పేరూ పాస్‌వర్డూ ఉన్న కాగితం ఆ డబ్బా కిందే పెట్టించాను. ప్రింటర్‌కి కూడా అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇద్దరూ ఒకే డబ్బాకి కలిస్తేనే ఒకరి మాట ఒకరికి వినపడుతుంది.

మనుషులకీ అలాంటి డబ్బా ఒకటి ఉంటే కొని మీ ఇద్దరి మధ్యా పెట్టేదాన్ని. నా మాట కూడా విను. వస్తే ఇద్దరూ కలిసి రండి. ఒక్కరే వస్తే గేటు దగ్గరే ఆపేస్తాను. నాకు మొదటి కాన్పు, చాలా భయంగా ఉంది. ఆసుపత్రి వరండాలో మీరిద్దరూ చెరో మూలా మూతి ముడుచుకుని కూర్చుంటే చూసి తట్టుకునే ఓపిక నాకు లేదు.

ప్రేమతో,
నీ బెల్లంకాకి

తా.క.: అడగకూడదు గానీ, ప్రింటర్‌లో కాగితాలు పెట్టావా?

* * *

చిరంజీవి బెల్లంకాకికి,

దీవెనలు. ఏం చెప్పమంటావు! కూర్చుని చదువు.

పాస్‌వర్డ్ కాగితం కనపళ్ళేదు. ఎవరికో తాళంచెవి పొట్లం కట్టి ఇచ్చినట్టున్నాను. పేర్ల వరస చూస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉన్నాయి. ఒకదానికి చారలు నిండుగా ఉన్నాయి. డబ్బా మన దుకాణంలోనే ఉంది కాబట్టి అదే మనది అయ్యుంటుందని నొక్కాను. పాస్‌వర్డ్ ఏమిటని అడిగింది. నన్ను! చెవి పోయిందని తాళాలవాడు ఎవరినన్నా అడుగుతాడా? పెట్టినవాడి మనసు తెలిస్తే ఏ తాళమైనా తెరుచుకుంటుంది. ఇది మనింటి తాళం, పెట్టింది మనవాళ్ళే. నేనైతే ఏం పెట్టేవాణ్ణి అని ఆలోచించి అదే కొట్టాను.

తెరుచుకుంది! ఆకురాయి లేదు, కమ్మీ లేదు, చిన్న చప్పుడైనా లేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఏం కొట్టానో మాత్రం చెప్పను, అది వృత్తి మర్యాద.

ప్రింటర్‌కీ అదే ఇచ్చాను. ఎర్ర కన్ను నీలంగా మారింది. మళ్ళీ "నమస్కారం. అందిందా?" నొక్కాను. ప్రింట్ అయిపోయిందని కంప్యూటర్ అంటుంది, కాగితం మాత్రం రాదు. నాలుగు రోజులు నొక్కిందే నొక్కాను. బల్ల కింద కూడా వెతికాను.

ఇవాళ అన్నం తిని వచ్చి ఆకురాయి పట్టుకున్నానో లేదో, ప్రింటర్ తనంతట తాను మూలిగింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, నా మీద ఒట్టు. కాగితం మింగి, మెల్లగా అంగుళం అంగుళం బయటపెట్టింది. చూస్తే నీ గది! నీ కిటికీ, పక్కన చిన్న ఉయ్యాల, దాంట్లో మడతపెట్టిన నీలం దుప్పటి. గాల్లోంచి దుప్పటి మడతలతో సహా వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇలాంటిది చూడ్డానికేనేమో ఇన్నాళ్ళు బతికానని అనిపించింది.

ఇట్లు,
నివ్వెరపోయిన నాన్న

తా.క.: కాగితాల సంగతి అడిగావు. నువ్వు అడిగాకే పెట్టాను.

* * *

నాన్నా, నా బంగారు నాన్నా,

అబద్ధమాడటం నీకు చేతకాదు. ఆ ఉయ్యాల ఫొటో నేను నీకు పంపనే లేదు. మామయ్యగారికి మాత్రమే పంపాను, ప్రింట్ తీసి దాచుకుంటానంటేనూ. అది నీ చేతికి వచ్చిందంటే ఆయనే ఇచ్చి ఉండాలి. ప్రింటర్ మూలిగిందీ మింగిందీ అని ఎందుకీ కథలు? రాజీ పడ్డామని చెప్పడానికి సిగ్గా?

అనుమానంతో మామయ్యగారిని అడిగాను. ఆయన ఒక్కటే మాట రాశారు: "ఈమధ్య నాకు రోజూ నమస్కారాలు అందుతున్నాయమ్మా. ఎలా అర్థం చేసుకోవాలో తెలియక అలా కూర్చుండిపోతున్నాను." చదివి ఎంత ఏడ్చానో! నువ్వు ఆయనకి రోజూ నమస్కారం పెడుతున్నావా నాన్నా?

వెంటనే రైల్లో పక్కపక్కనే రెండు సీట్లు తీశాను. టికెట్లు దీంతో పంపుతున్నాను.

పట్టరాని సంతోషంతో,
బెల్లంకాకి

తా.క.: కిటికీ సీటు కోసం కొట్టుకోకండి. వెళ్ళేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఇంకొకరు.

* * *

చిరంజీవి బెల్లంకాకికి,

దీవెనలున్నాయి, కోపం కూడా ఉంది. నేనా? ఆయనకా? నమస్కారమా? ఆయన గుమ్మం ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే రోడ్డు దాటి అటువైపు నడిచే మనిషిని! నా టికెట్ వేరే పెట్టెలోకి మార్పించు.

ఫొటో ఆయన ఇవ్వలేదు, మిషనే ఇచ్చింది. రోజంతా ఆలోచిస్తే నాకు కిటుకు అందింది. నువ్వు అక్కడ పంపినవి ఇక్కడ నా మిషన్‌లోంచి వస్తున్నాయి. అంటే నేను ఇక్కడ నొక్కినవి అక్కడ నీకు వస్తున్నాయన్నమాట! అందుకే నా కాగితం నా దగ్గర రావడం లేదు. మధ్యలో ఎన్ని గోడలు, ఎన్ని తలుపులు, ఎన్ని తాళాలు ఉన్నాయో! ఒక్కటీ దాన్ని ఆపలేదు. తలుచుకుంటుంటే నా వృత్తి మీద జాలీ, దాని మీద భక్తీ రెండూ కలుగుతున్నాయి.

కాబట్టి నిన్న సాయంత్రం షట్టర్ సగం దించి, మనసులో ఉన్నదంతా ఒక పేజీ కొట్టాను. చేత్తో రాయలేనిది, ఎదురుగా చెప్పలేనిది. నొక్కాను. లైటు రెండుసార్లు ఆడింది, పేజీ వెళ్ళిపోయింది. వెళ్ళినవైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. చదివి చించెయ్యి. జవాబు రాయకు, నాకు సిగ్గు.

ఇట్లు,
నాన్న

తా.క.: ఫొటోలు వస్తూనే ఉన్నాయి. నిన్న ఒకే కాగితం మీద మీసాలాయన ఎనిమిదిసార్లు వచ్చాడు. పాస్‌పోర్ట్ సైజు. నీకు తెలిసినవాడా?

* * *

నాన్నా,

నాకు ఏ పేజీ రాలేదు. ప్రింట్ అంటే ఉత్తరం కాదు నాన్నా. కంప్యూటర్ ఏ మిషన్‌తో కలిసిందో ఆ మిషన్‌లోంచే కాగితం వస్తుంది. నీ దుకాణంలో రావడం లేదంటే ఇంకెవరి దగ్గరో వస్తోంది.

ఇంకో మాట. మన పాస్‌వర్డ్ అంతా అంకెలు, అంగడిలోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాం. దాన్ని ఎవరూ ఊహించలేరు, నువ్వైనా సరే. మరి నువ్వు ఊహించి తెరిచావంటే అది ఎవరి తాళం?

ఏ రోజైనా రావొచ్చు, సిద్ధంగా ఉండమన్నారు డాక్టరమ్మ. టికెట్లు మార్పించలేదు. మార్పించను కూడా. రెండు సీట్లూ ఖాళీగా వస్తే మాత్రం నేను ఏమైపోతానో నాకే తెలియదు.

నీ కోసం చూస్తూ,
బెల్లంకాకి

తా.క.: ఆ పేజీలో ఏం రాశావు? మీసాలాయన ఎవరో నాకు తెలియదు, పాపం ఆయన ఫొటోలు ఆయనకి ఇచ్చెయ్యి.

* * *

చిరంజీవి బెల్లంకాకికి,

మీ నాన్న దీవించి ప్రింట్ చేయించునది. అవును, ఇది ప్రింట్. ఎవరి మిషన్‌లోంచి వచ్చిందో అడగకు, చెప్తాను.

నీ ఉత్తరం చదువుతుంటే అది ఎవరి తాళమో నాకు అర్థమైంది. తల ఎత్తేసరికి గుమ్మంలో మీ మామగారు ఉన్నారు. చేతిలో ఇంత మందాన కాగితాల కట్ట. అన్నిటి మీదా ఒకటే మాట, "నమస్కారం. అందిందా?" అన్నిటికన్నా పైన నా పేజీ.

నేను నోరు తెరవకముందే ఆయన అన్నారు: "అందింది బావగారూ."

నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. ఇంకేమీ తోచక దెబ్బలాడాను. "పరాయి ఉత్తరం చదవొచ్చా?" అన్నాను. "నా మిషన్‌లోంచి వస్తే నాకే అనుకున్నాను. సగం దాకా వచ్చేవరకూ మీరు నాకే రాశారనుకున్నాను" అన్నారు. ఆ సగంలో ఏముందో నీకు చెప్పాలిగా. "నీకు భయంగా ఉందని రాశావు, నాకు అంతకన్నా భయంగా ఉంది. మీ అమ్మ లేకుండా ఆ వరండాలో ఒక్కణ్ణీ కూర్చోలేను. పక్కన ఎవరన్నా ఉంటే బాగుండు. ఆయనైనా సరే." అదీ నేను రాసింది.

"నేను కూర్చుంటాను" అన్నారాయన.

ఆ కట్ట నా బల్ల మీద పెట్టారు. తర్వాత ఆయనే, "అదిసరే, నా వైర్‌లెస్‌లోకి ఎలా వచ్చారు? దాని పాస్‌వర్డ్ మా అబ్బాయికి కూడా తెలియదే" అన్నారు. మెల్లగా చెప్పాను, "బెల్లంకాకి అని కొట్టాను" అని. ఆయన తల దించుకున్నారు.

అమ్మలూ, నీ పెళ్ళినాడు కారు కదులుతుంటే నేను వెనకాల పరిగెత్తుతూ ఆ పేరుతో పిలిచానట. ఆయన విన్నారట. "నాకు కూతుళ్ళు లేరు బావగారూ. ఆ పేరు మీది, పైకి అనే హక్కు నాకు లేదు. పాస్‌వర్డ్ అయితే ఎవరికీ వినపడదు కదా, రోజూ ఒకసారి అనుకోవచ్చని పెట్టుకున్నాను" అన్నారు.

నా జీవితంలో ఎన్ని తాళాలు తెరిచానో లెక్కలేదు. ఏ తాళం వెనకా ఇలాంటిది కనపళ్ళేదు. నా వెనక గోడకి అవతల ఒక మనిషి నా కూతురి పేరుని తాళమేసి దాచుకుంటున్నాడు, నేనేమో ఆ గోడకి వీపు పెట్టి కూర్చున్నాను. గోడలోంచి కాగితం వెళ్ళింది, ఫొటో వచ్చింది, మాకే దారి దొరకలేదు.

ఇంక ఆగలేక అడిగేశాను, "మరి నా తల ఎందుకు కోశారు?" అని. "మీరు ఏడుస్తున్నారు బావగారూ. ఆల్బమ్ పదిమందీ చూస్తారు. మీకు నామోషీ అని కెమెరా కిందికి దించాను" అన్నారు. "ఆల్బమ్ మొత్తమా?" అన్నాను. "మొత్తం" అన్నారు. పొద్దున్నించీ ఏడ్చానట!

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు, చేత్తోనే ఇస్తాను. మా రైలు నీ ఊరు చేరేలోపు నువ్వు ఆసుపత్రికి వెళ్ళిపోతే నర్సమ్మతో లోపలికి పంపిస్తాను. వరండాలో ఇద్దరం ఉంటాం, ఒకే బెంచీ మీద.

ఇట్లు,
మీ ఇద్దరు నాన్నలు

తా.క. 1: ఈ ఉత్తరం వచ్చింది ఆయన మిషన్‌లోంచే. రెండు మిషన్లూ ఆయన డబ్బాకే కలిసున్నాయి, అందుకే ఎవరి కాగితం ఎవరి దగ్గర వస్తోందో వాటికే తెలియడం లేదు. విడదీద్దామా అన్నారు. ఇప్పుడే కలిశాయి, ఉండనివ్వండి అన్నాను.

తా.క. 2: మీసాలాయన దొరికాడు. రోజూ స్టూడియోకి వచ్చి తిడుతున్నాడట.

తా.క. 3: దీంతో ఉన్న ఫొటో చూడు. కెమెరాకి టైమర్ పెట్టి మీ మామగారే పరిగెత్తుకొచ్చి నా పక్కన నిలబడ్డారు. నా తల పూర్తిగా పడింది. ఆయనే మెడ దాకా వచ్చారు. ఏడుస్తున్నారని నేనెవరికీ చెప్పను, నువ్వూ చెప్పకు.