ఉడికిన రిటైనర్

జూన్ 6
అత్తమ్మ వచ్చింది. కూర్చుందో లేదో నాన్నతో — "నీ బిడ్డ ఒకప్పుడు నోటికి చెయ్యడ్డం వెట్టుకొని ఎంత ఒద్దికగ నవ్వేదన్నా. గిప్పుడు చూడు, నోరంత తెరిచి."
ఒద్దికట. ఇరవై రెండేళ్లు అందరూ అదే అనుకున్నారు. ముందు పళ్ల మధ్య సందు కనిపించకుండా దాచుకునేదాన్ని, అంతే. రెండేళ్లు క్లిప్పులు వేయించుకుని మూయించాను. అప్పుడు అందం పిచ్చి అన్నారు. ఇప్పుడు పొగరు.

జూన్ 9
పళ్లు మళ్లీ జరగకుండా ఈ ప్లాస్టిక్ రిటైనర్. తినేముందు తీయాలి, తిన్నాక పెట్టుకోవాలి. డబ్బా టేబుల్ మీద పెట్టానని అమ్మ — "ఎంగిలిది తెచ్చి అన్నం గిన్నె పక్కన వెడ్తవానే?"
డబ్బా ఇక బాత్రూం కిటికీలో. సబ్బు పక్కన.

జూన్ 14
అమ్మ దాన్ని ఉడికించింది.
టిఫిన్ తిని బాత్రూంకి వెళ్తే డబ్బా ఖాళీ. స్టవ్ మీద, పాత గిన్నెలో, మరుగుతోంది. "ఎంగిలి పోవాలె గద. జర మరగవెట్టిన."
ముడుచుకుపోయింది. పళ్లకు ఎక్కడం లేదు.
"సాగదీస్తే రాదా?" అంది.

జూన్ 16
అబిడ్స్‌లో పళ్ల క్లినిక్‌కు ఫోన్. డాక్టరమ్మ ఊళ్లో లేదట. వచ్చే సోమవారం రమ్మన్నారు.

జూన్ 19
నాలుక మాటిమాటికీ అక్కడికే... సందు వస్తోంది.

జూన్ 20
అన్నం తింటుంటే నాన్న చూశాడు. నవ్వాడు. నానమ్మ పోయాక ఆయన ఇలా నవ్వడం ఇదే మొదలు. "అచ్చం మా అమ్మ సందే బిడ్డా. ఉండనీ. ఇగ ఆ క్లిప్పులు గిప్పులు వద్దు."
అమ్మ వెంటనే అందుకుంది — "ఔ, సందుంటే అదృష్టమంటరు."
ఆమె చేసిన పని ఒక్క మాటతో అదృష్టమైపోయింది. నానమ్మ అంటే నాకూ ప్రాణమే. కానీ ఆమెను చూసుకోవడానికి నా నోరే దొరికిందా వీళ్లకు?

జూన్ 23
క్లినిక్. జరిగింది చెప్పాను. డాక్టరమ్మ వేలితో తడిమింది. "పండ్లకు పాత జాగ యాదికుంటదమ్మా. ఎముక గట్టిపడేదాక ఊకుండవు." సందు ఇంకా చిన్నదే. కొత్త రిటైనర్‌తో మూసుకుంటుందట. ఆ తర్వాత పళ్ల వెనక సన్నని తీగ అతికిస్తుంది — తీసే పని ఉండదు.
"ఇగ మీ అమ్మ దాన్ని ఉడకవెట్టాలంటే నిన్నే గిన్నెల ఎయ్యాలె."
నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కొలత ఇచ్చాను, శనివారం ఇస్తారట. నాంపల్లి దాకా నడిచే వచ్చాను, ఎవరితోనూ మాట్లాడాలనిపించక.

జూన్ 24
తీగ సంగతి నాన్నకు చెప్పాను. టీవీ మీంచి చూపు తిప్పకుండానే — "మా అమ్మ మొకం గంత ఇష్టం లేదా నీకు?"
ఏం చెప్పినా తప్పే. అమ్మ వంటింట్లోంచి అత్తమ్మకు ఫోన్ చేస్తోంది, గొంతు తగ్గించి, నాకు వినబడేలా.

జూన్ 25
నాన్న పొద్దుటి నుంచి మాట్లాడలేదు.
శనివారం కొత్త రిటైనర్ పెట్టుకుంటాను. జూలైలో తీగ వేయించుకుంటాను.