ఎర్రటి కల్లంలో మరియమ్మ

ఫిబ్రవరి 11
జగ్గయ్యపేటలో నాన్న స్టూడియో మూసేసి ఏడేళ్లు. నెగెటివ్‌ల పెట్టె ఇవాళ తెరిచాను. అదే పుల్లటి వాసన... చీకటి గదిలో నాన్న పక్కన నిలబడి, ట్రేలో కాగితం మీద మొహాలు తేలడం చూసిన రోజులు. ఒక్కొక్కటీ స్కాన్ చేసి, నెట్‌లో నాన్న పేరుతో పెట్టిన పేజీలో వేస్తున్నాను.

ఫిబ్రవరి 14
మిరప కల్లం ఫోటో పెట్టాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఎండబోసిన కాయల నడుమ పట్టా పరుచుకుని, చేతులు బార్లా చాచి నిద్రపోతున్న మరియమ్మ. మా పొలం పనికి వచ్చేది. కల్లం పక్కనుంచి బడికెళ్తే నాకు తుమ్ములే తుమ్ములు. నవ్వేది – "చేతులు కళ్లకి పెట్టుకోమాక పాపా!"
ఆమె పోయి పదేళ్లు దాటింది. కూతురు శాంతి నందిగామలో టీచరు. ఫోన్ చేసింది. "మా అమ్మకి ఇంకో ఫోటోనే లేదక్కా. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు చూశానో."

ఫిబ్రవరి 16
ఫోటో కింద ఎవరో రాశారు – "చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయి వస్తే ఈమె వారం రోజులు అన్నం పెట్టింది. ఇప్పుడు ముక్త్యాల ఫ్యాక్టరీకి లారీ తోలుతున్నా. ఎక్కడుందండీ ఈమె?"
శాంతికి ఈ సంగతే తెలియదు. రేపు ఇద్దరం కలిసి జవాబిద్దామంది.

ఫిబ్రవరి 17
ఫోటో లేదు. హింస, రక్తపాతం అని సైటు వాళ్లు తీసేశారు. కింద మాటలూ పోయాయి. అతని పేరు నాకు గుర్తులేదు. శాంతికీ లేదు.

ఫిబ్రవరి 19
నా స్నేహితురాలు మాధవిని అడిగాను. హైదరాబాదులో జనం పెట్టే ఫోటోలు ఉంచాలా తీసేయాలా అని పరిశీలించే ఉద్యోగం చేసి మానేసింది.
"నువ్వు పెట్టినంత పెద్ద ఫోటోని మెషిన్ చూడదే. ముందు బుల్లి ముక్కగా కుదించేస్తుంది. ఆ ముక్కని చూసే తీర్పు. మా స్క్రీన్ మీదా చిన్న చిన్న గళ్లే... గబగబా నొక్కేసేవాళ్లం."
ఫోటోని పోస్టు బిళ్లంత చేసి చూశాను. కాయలు లేవు. తొడిమలు లేవు. పట్టా లేదు. అంతా ఎరుపు. అందులో చేతులు చాచి పడిపోయిన ఆడమనిషి.
నేనైనా తీసేసేదాన్నే.

ఫిబ్రవరి 22
ఫోటో తిరిగి పెట్టమని చేసిన అప్పీలు తిరస్కరించారు. మళ్లీ పెడితే పేజీయే పోతుందట – నాన్న ఫోటోలన్నిటితో సహా. మొహం వరకే కత్తిరిస్తే మసక. "మిరపకాయల్లేకుండా అది మా అమ్మేనా అక్కా?" అంది శాంతి. లారీ ఆయన కోసం వెతుకుతున్నాం అని పేజీలో రాశాను. జవాబు లేదు.

ఫిబ్రవరి 25
నెగెటివ్ నుంచే తలుపంత ప్రింటు తీయించి నందిగామ తీసుకెళ్లాను. శాంతి ముందు అమ్మ మొహం చూడలేదు. మోచేతి దగ్గర వేలు పెట్టింది. "ఈ కాలిన మచ్చ... మర్చేపోయాను."
ఇంకొకటి తీయించి, కింద శాంతి నెంబరు రాసి, ముక్త్యాల రోడ్డులో లారీలు ఆగే టీ కొట్టులో తగిలించాం. కొట్టాయనకి నా నెంబరూ ఇచ్చాను.

మార్చి 2
టీ కొట్టాయన ఫోను. "పొద్దున ఒక డ్రైవరొచ్చాడండీ. బొమ్మ ముందు అట్టాగే నిలబడిపోయాడు. టీ చల్లారిపోయింది."
పేరు అడిగారా అన్నాను.
"ఏడుస్తన్నాడండీ మనిషి. ఏమడగమంటారు?"
నెంబరు రాసుకున్నాడో లేదో చూడలేదట.
శాంతికి చెప్పాను. మెల్లగా అంది – "అమ్మ అన్నం పెట్టిన ఆ వారం... అప్పటికి నేను పుట్టానో లేదో అతన్ని అడగాలక్కా."