నాయనమ్మ మంగళవారాలు

స్కోప్యే,
అక్టోబరు చివరి ఆదివారం.

పరమపూజ్యురాలైన అమ్మకు,

నీ ఏకైక పుత్రరత్నం మెతోది సాష్టాంగపడి, తలెత్తకుండానే రాస్తున్న ఉత్తరం ఇది. ఇందులో నువ్వు చదవబోయే సమస్త ఘోరాలకూ ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. బాసెల్‌లో మీకు వానలు తగ్గకపోవడం, ఇక్కడ కొట్లో చక్కెర దొరక్కపోవడం, నాన్న నడుంనొప్పి, నేను పుట్టకముందు ఈ ఊరిని కూల్చిన భూకంపం, అన్నీ నా తప్పులే. ఇంత పెద్ద మనసుతో నేరాలు ఒప్పుకునే కొడుకు ఎవరికి దొరుకుతాడు చెప్పు?

ఇక్కడ నేనూ, మీ అత్తగారూ, ఆవిడ గొంతూ క్షేమం. మీరిద్దరూ కూడా అంతే గట్టిగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. పన్ను పీకించుకున్నాను. పరీక్ష రాశాను గానీ, కాంక్రీటు గురించి నా అభిప్రాయాలు మా ప్రొఫెసరు గారికి నచ్చలేదు, చలికాలంలో మళ్లీ విన్నవించుకుంటాను. వేళకి తింటున్నాను. ఇక కింద గీత గీసి మరీ అడిగావే, "ఆవిడ సంతకం పెట్టిందా లేదా?" అని, దానికి కొంచెం ఓపిక పట్టాలి.

నువ్వు రాసినవన్నీ ఆవిడకి చదివి వినిపించాను. ప్రభుత్వం ఈ ఇళ్లను అద్దెకున్నవాళ్లకే అమ్ముతోందని, గడువు ఈ నెలాఖరేనని, అద్దె హక్కు ఆవిడ పేరున ఉంది కాబట్టి ఆవిడ తప్ప ఇంకెవరూ కొనలేరని చెప్పాను. మీరు పరాయి దేశంలో ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతున్నది ఈ ఇంటికి తిరిగి రావడానికేనని, గొంతు కాస్త వణికించి మరీ చెప్పాను.

"నా ఇల్లు నేను కొనుక్కోవడమేంట్రా?" అంది.

"నువ్వుంటున్నావంతే నాయనమ్మా. ఇల్లు ప్రభుత్వానిది."

"మరీ మంచిది. కుళాయి కారితే ప్రభుత్వమే వచ్చి బాగుచేస్తుంది. కొన్నాక ఎవడొస్తాడు, నువ్వా? ఇంజనీరు చదువుతున్నావు, బల్బు మార్చడం రాదు!"

అసలు సంగతి కుళాయి కాదమ్మా. ప్రతి మంగళవారం ఆవిడ నల్లకోటు తొడుక్కుని, పెదాలకి రంగేసుకుని హౌసింగ్ ఆఫీసుకి వెళ్లడం నీకు తెలుసుగా. లిఫ్టు గురించీ, చెమ్మ గురించీ అక్కడి గుమాస్తా అపోస్తోల్ గారిని గంటసేపు తిట్టడం, ఆయన తలూపుతూ కాఫీ తెప్పించడం, భూకంపం తర్వాత ఈ ఇల్లు ఇచ్చినప్పటినుంచీ అదే వరస. సొంతిల్లయితే ఇంక ఎవర్ని తిడుతుంది? ఆ మాట పైకి అనదు. "పాపం వాడికి పెళ్లాం లేదు. నేను వెళ్లకపోతే వాడితో మాట్లాడేదెవరు?" అంటుంది.

ఇంతలో అయ్వార్ పచ్చడి రోజులు వచ్చాయి. ఎప్పట్లాగే అందరూ వెనక పెరట్లో పొయ్యిలు పెట్టి, పచ్చడికి లావుపాటి ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నారు. పై అంతస్తు లెంచె మామ్మ అందరికంటే ముందే ఇల్లు కొనేసింది, తలుపుకి ఇత్తడి పేరుపలక కూడా కొట్టించింది. ఆవిడ బాల్కనీలోంచి వంగి కేకేసింది.

"స్పాసియా వదినా! ఇక మీదట పెరట్లో పొగ పెట్టకూడదు. గోడలు నల్లబడుతున్నాయి."

నాయనమ్మ పటకారు పైకెత్తింది. "ఎవరి గోడలే అవి?"

"కొనుక్కున్నవాళ్లవి. అద్దెకున్నవాళ్లవి కాదు."

పెరట్లో అందరూ తలలెత్తి చూశారు. పొయ్యి మీది మిరపకాయలు కూడా చిటపటలాడటం మానేసి చెవులు రిక్కించాయి. నాయనమ్మ పటకారు దించింది. ఒక్క కాయ మాడనివ్వకుండా అన్నీ కాల్చింది, తొక్క తీసింది, పచ్చడి ఉడికించి సీసాలకెత్తింది. మర్నాడు పొద్దున్నే నల్లకోటు తొడుక్కుంది. ఆ రోజు మంగళవారం కాదు.

సంతకం పెట్టేసిందమ్మా. ఇల్లు మనదే. ఊపిరి పీల్చుకో, నాన్నకి కూడా చదివి వినిపించు.

తర్వాత మంగళవారం వచ్చింది. పొద్దున్నే కోటు తొడుక్కుని, పెదాలకి రంగేసుకుని, గుమ్మం దగ్గర చెప్పుల పెట్టె మీద కూర్చుంది.

"ఎక్కడికి నాయనమ్మా?"

"ఎక్కడికీ లేదు. కోటుకి గాలి తగలాలిగా."

మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది. నేను కాఫీ పెట్టి ఇస్తే తాగి, "బాగుందిరా" అంది. నా కాఫీని ఆవిడ జన్మలో బాగుందని అనలేదు. నాకు భయమేసింది.

ఆ ఆదివారమే, ఇళ్లు కొన్నవాళ్లందరూ కలిసి భవనానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలన్నారు. కింది అంతస్తు స్లావె మామయ్య లేచి, "స్పాసియమ్మ గారే ఉండాలి. ఆవిడ నోటికి హౌసింగ్ ఆఫీసే లొంగింది, ప్లంబర్లు ఒక లెక్కా?" అన్నాడు. ఇంటికొక చిక్కుడు గింజ. సరేనంటే తెల్లది, వద్దంటే ఎర్రది, గుప్పిట మూసి పచ్చడి కుండలో వెయ్యాలి. పోటీలో ఉన్న మనిషి వెయ్యకూడదు కాబట్టి మన ఇంటి తరఫున నేను వేశాను.

కుండ బోర్లిస్తే అన్నీ తెల్లవే. ఒక్కటి తప్ప.

నాయనమ్మ గెలిచిన సంగతే మర్చిపోయి ఆ ఎర్ర గింజని వేళ్లతో పట్టుకుంది. "ఎవరిది?"

"ఒక్కటే కదా వదినా, పోనిద్దూ" అంది లెంచె మామ్మ.

"అయితే నీదే."

"అయ్యో, నేను తెల్లదే వేశాను! మా ఆయన మీద ఒట్టు!"

"ఆయన పోయి పదేళ్లయింది. ఇప్పుడు ఒట్టేస్తే ఆయనకేం నష్టం?"

మొదటి ఉత్తర్వుగా పెరట్లో పొగకి అనుమతి ఇచ్చేసింది. లిఫ్టు నడుస్తోంది. ఇక మంగళవారం వస్తే చాలు, కోటు, పెదాలకి రంగు, జేబులో ఎర్ర గింజ, నేరుగా పై అంతస్తుకి. గంటసేపు విచారణ. లెంచె మామ్మ తలూపుతూ కాఫీ, అంజూర పాకం పెడుతుంది. మొన్న మంగళవారం బుగ్గలు ఎర్రగా చేసుకుని దిగి వచ్చి, "ఇవాళ తడబడిందిరా. వచ్చేవారం ఒప్పుకుంటుంది చూడు" అంది. నా కాఫీ గిన్నెలు కడిగిన నీళ్లలా ఉందని కూడా అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

లెంచె మామ్మకి అనుమానం వచ్చినట్టే ఉంది. నిన్న మెట్ల మీద నన్ను ఆపి, కన్నుగీటి, "మంగళవారానికి కాఫీ పొడి నువ్వే తెచ్చిపెట్టాలి నాయనా" అంది. నోరు మూసుకుని తెచ్చిచ్చాను.

అమ్మా, భూకంపం నాది కాదు. నాన్న నడుం కూడా కాదు. ఆ ఎర్ర గింజ మాత్రం నాదే.

ఇట్లు,
సొంతింటివాళ్ల భవనంలో ఏకైక ప్రతిపక్షం,
నీ కొడుకు
మెతోది