బొట్టు పెట్టని ట్యాంకు

సెప్టెంబర్ 22, 2025. మెట్టకూరు

ఛీ, ఏం వాసన! తలంటుకున్నా జుట్టులో క్రూడాయిలే. పాత పైపు పగిలి మట్టిలో ఇంకిన నూనెను కడగడం మా కాంట్రాక్టు. జిడ్డు గిన్నెకు సబ్బు పెట్టినట్టే. పైనున్న ట్యాంకులోంచి సర్ఫాక్టెంట్, అదే సబ్బులాంటి మందు, కలిపిన నీళ్ళు భూమిలోకి దిగుతాయి, మట్టి నూనెను వదులుతుంది, అవతలి బోరు పంపు ఆ మురికంతా లాగేస్తుంది. సైట్ కెమిస్టునని పేరే గానీ చేసేది అంట్లు తోమడమే.

అద్దెకున్నది సైటు వెనక జోసెఫిన్ గారింట్లో. ఈ వీధిలో ఆవిడ బావి ఒక్కటే తీపి నీళ్ళు. పప్పుకి అందరూ ఇక్కడే తోడుకుంటారు. ఉప్పు నీళ్ళలో అది ఉడికి చావదట.

అక్టోబర్ 1

ఆయుధ పూజ. పంపు ఆపి, కడిగి, నేనే బొట్టు పెట్టాను. బంతిపూల దండతో ఫొటో కూడా తీశాను. పండగయ్యేదాకా ఏ మెషీనూ ముట్టుకోవద్దన్నారు మేనేజర్ వెంకటరాజు గారు. గుమ్మడికాయ కొట్టి అందరం ఇళ్ళకు పోయాం.

అక్టోబర్ 4

ట్యాంకు ఖాళీ!

దానికి మోటారు లేదు. వాల్వు తెరిచి ఉంటే దానంతటదే దిగుతుంది. మెషీన్ కాదు కాబట్టి ఎవరూ బొట్టు పెట్టలేదు, ఎవరూ వాల్వు కట్టేయలేదు. నేనూ కట్టలేదు. పండగంతా సబ్బునీళ్ళు దిగుతూనే ఉన్నాయి, లాగాల్సిన పంపు దండ వేసుకుని కూర్చుంది. మట్టి వదిలిన నూనె ఎటు పోయినట్టని అడిగితే, ఎటుపోద్దమ్మా, గోదాట్లోకే అని నవ్వారు వెంకటరాజు గారు.

అక్టోబర్ 17

బావిలో నురగ.

అక్టోబర్ 18

వాసన చూశాను. మాదే.

వెంకటరాజు గారు వచ్చి, బావి గట్టు మీద ఎవరో బట్టలుతికారని జోసెఫిన్ గారికి చెప్పారు. ఎంత తేలిగ్గా చెప్పారో! ఆవిడ నేరుగా పక్కింటి చిట్టెమ్మ మీద పడింది. ఇంకెప్పుడూ నా చేద ముట్టుకోవద్దంది. చిట్టెమ్మ ఒట్లు పెట్టుకుంటూ ఏడ్చింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. వెంకటరాజు గారిని అసహ్యించుకోవడానికి నాకేం అర్హత ఉంది?

అక్టోబర్ 19, ఆదివారం

చర్చి నుంచి వచ్చి జోసెఫిన్ గారు నాకు పప్పన్నం పెట్టింది. బావిలో చిట్టెమ్మ సబ్బు నాలుగు రోజుల్లో వదిలిపోద్దిలే అంది. పప్పు మీద రంగురంగుల జిడ్డు. ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి దించేశాను. అది చిట్టెమ్మ సబ్బు కాదు, మాది, అందులో నూనె కూడా ఉంది, ఆ నీళ్ళు ఎవరూ తాగొద్దని చెప్పేశాను.

ఆవిడ లేచి, నా ముందున్న కంచం తీసుకెళ్ళి పారబోసింది.

సాయంత్రం

జోసెఫిన్ గారు చేద ఒళ్ళో పెట్టుకుని చిట్టెమ్మ గుమ్మం ముందు కూర్చుంది. తలుపు ఇంకా తీయలేదు.