కదలని మనిషే ఫొటోలో పడ్డాడు

రాజు బావా,

మన ఏటిని ఇసక లారీల వాళ్లకు అప్పజెప్పింది నువ్వే. ఈ ఉత్తరం నీకు పంపను. పంపినా నువ్వు చదవవు.

చీకట్లో ఫొటోలు తీయడం నేర్చుకుంటున్నాను. రాత్రి లారీల నంబర్లు పట్టుకుందామని, స్టాండు లేక ఇసక సంచి మీద ఫోను ఆనించి, అరనిమిషం పాటు వెలుగు పట్టేలా పెట్టాను. పొద్దున్న ఆ ఫొటో చూసి చెల్లి నవ్వింది.

"ఒరే అన్నియ్యా, లారీలేవిరా? అన్నీ ఎర్ర గీతలే ఉన్నాయి."

అంతసేపు తీసే ఫొటోలో కదిలేవన్నీ చెరిగిపోతాయని నాకప్పుడే తెలిసింది. చెల్లి మాత్రం నవ్వు ఆపేసింది.

"గట్టు మీద నిలబడ్డది రాజు బావ కాదేటి?"

నువ్వే. లారీల వెలుగులో, వాటికి కాపలాగా, కదలకుండా నిలబడ్డావు. ఇసక తవ్వకాలు ఆపాలని మనం కరపత్రాలు పంచిన రోజు వేసుకున్న గళ్ల చొక్కాయే నీ ఒంటి మీద ఉంది. ఏరు ఊరందరిదీ అని ఆ కరపత్రంలో రాసింది నువ్వు. కంఠతా పట్టింది నేను.

ఊరందరికీ చూపించడానికి ఫొటో పెద్దది చేయించాను. నీ ముఖం కత్తిరించలేదు. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఊరంతా రేవు దగ్గర కూడి లారీలకు అడ్డం నిలబడుతున్నాం. నువ్వూ రా బావా. వచ్చి మా పక్కన కదలకుండా నిలబడు.