ఆదివారం కరెంటు

జనవరి 29, మంగళవారం
పదిహేడో రోజు. సముద్రం తగ్గలేదు. అలల నుంచి కరెంటు తీసే మెషీన్ మాది. అలలు తగ్గితే తప్ప దాన్ని రిపేరు చెయ్యలేం. దిక్కుమాలిన ఉద్యోగం. నీళ్లు ఆపే రబ్బరు సీల్ అరిగి లోపలికి నీళ్లు దిగుతున్నాయి. కొత్తది కొనమని అక్టోబర్‌లోనే చెప్పాను. కాలేజీ మొహం చూడని ట్రాక్టర్ మెకానిక్ మాట ఎవడు వింటాడు?

జనవరి 31
వాన. గాలి. టీ.

ఫిబ్రవరి 2, శనివారం
రేపు పగలంతా సముద్రం పడుకుంటుందట. ఆ తర్వాత పదిరోజులు తుఫాను. రేపు సీల్ మార్చకపోతే మెషీన్ మునుగుతుంది, ఉద్యోగాలు ఊడి ఎనిమిదిమందిమి ఇంటికి పోతాం.

కంపెనీ పడవ నడిపేది మా తాత టోర్కిల్. ఆదివారం తియ్యనన్నాడు. ఈ లూయిస్ దీవిలో ఆదివారం దేవుడి రోజు, పని ముట్టుకోకూడదు; బట్టలారేసినా వీధంతా మొహం తిప్పుకుంటుంది, తెలుసు. అయినా అడిగాను. బైబిల్లో ఉన్నట్టు, గొర్రె గోతిలో పడితే ఆదివారమైనా లాగుతావు కదా తాతా అన్నాను. రేపటి బంగాళాదుంపలకి ఈరోజే చెక్కు తీస్తూ, నీ మెషీన్ ఊపిరి పీలుస్తుందా అన్నాడు. ఎనిమిదిమంది పీలుస్తారు అన్నాను. సూప్ చల్లారిపోతోంది, తాగవే షోనాక్ అన్నాడు.

ఫిబ్రవరి 3, ఆదివారం, పొద్దున్న 8
నీళ్లు నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. గ్లాస్గో నుంచి మేనేజరు గిల్‌మోర్ దిగాడు, ఎక్కడో రబ్బరు పడవ దొరికిందట. నేను నడుపుతానన్నాను.

సాయంత్రం
అయిపోయింది. ఆరు గంటలు. ఆ నూనె నీళ్లలో కూడా గిల్‌మోర్ రెండుసార్లు కక్కాడు, ఒక స్పానర్ సముద్రానికిచ్చాడు. మేం ఒడ్డుకొచ్చేసరికి చర్చి వదిలారు. రోడ్డంతా నల్లకోట్లు. ఒక్కరూ తిట్టలేదు. తిడితే నేనూ తిట్టేదాన్ని. తాత టోపీ సర్దుకుని నా పక్కనుంచే నడిచిపోయాడు.

ఫిబ్రవరి 4, సోమవారం
తుఫాను. మెషీన్ తేలుతోంది, మీటరు తిరుగుతోంది. గిల్‌మోర్ కేకు తెచ్చాడు. తాత ఆఫీసుకొచ్చి నా రిపోర్టు మొత్తం చదివాడు. బోల్టులు బాగా బిగించావన్నాడు. పడవ తాళం బల్ల మీద పెట్టి, ఇంకో మనిషిని చూసుకోమన్నాడు. చలికాలంలో ఆ రాళ్ల మధ్యనుంచి పడవ తియ్యగల ఇంకో మనిషి లేడు. ఆ సంగతి గిల్‌మోర్‌కి కేకు నోట్లో ఉండగా తట్టింది.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తేలలేదు. కేకు చెత్తబుట్టలో పారేశాను.

ఫిబ్రవరి 6, బుధవారం, సాయంత్రం 6
మా కరెంటు ఊరి లైన్లోనే కలుస్తుంది. ఆదివారం పనితో వచ్చిన వెలుగు తనకొద్దట. సోమవారం నుంచి తాత ఇంట్లో స్విచ్ ముట్టుకోలేదు. కిరోసిన్ దీపం దగ్గర కూర్చుని నా పని కోటు చిరుగు కుడుతున్నాడు. సూదిలోకి దారం ఎక్కడం లేదు. లైటు వెయ్యనా అని అడగలేదు. వెళ్లి ఎక్కించి ఇచ్చాను.